హైదరాబాదు క్లోరోఫారమ్ కమిషన్ అడుగని ప్రశ్న

క్లోరోఫారమ్ మత్తులో ప్రాణము పోయినచో ముందుగా ఆగునది ఊపిరియా, గుండెయా? ఈ వివాదమును తేల్చుటకు సర్జన్ ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో 1888లో ఒక కమిషన్‌ను, 1889లో మరియొక కమిషన్‌ను నడిపెను. మా నేలకొండపల్లి కూడ నిజాము రాజ్యములోనిదే అయిన రోజులవి. రెండవ కమిషన్‌కు నిజాము ప్రభుత్వమే డబ్బిచ్చినది. లండన్ నుండి లాడర్ బ్రంటన్ వచ్చెను. కుక్కలు, కోతులు మొదలగు వందల జంతువులపై ప్రయోగములు జరిగినవి. ఊపిరియే ముందు ఆగునని కమిషన్ తీర్పు.

ఆ తీర్పు నిలువలేదు. తేలిక మత్తులోనున్న పిల్లుల గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చునని 1911 ప్రాంతమున గుడ్‌మన్ లెవీ చూపెను. కాని నాకు తోచిన లోపము వేరు. కమిషన్ ప్రశ్న చావును గూర్చినది. మేల్కొను ప్రాణిని గూర్చినది కాదు. ఆ కాలమునకు అది సహజమే. చిక్కేమనగా, మత్తు ఇచ్చినచో నొప్పి సంగతి ముగిసినట్లేనన్న భావము మనలో నేటికిని ఉన్నది.

మత్తులో ప్రాణికి తెలివి ఉండదు, అంతే. కత్తి పడినపుడు నరముల సందేశములు వెన్నుపామును చేరుచునే యుండును. గాయము తరువాత వెన్నుపాము మరింత సున్నితమగునని 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ ఎలుకలలో చూపెను. కోతకు ముందే నొప్పిమందు ఇచ్చుట మేలన్న వాదమునకు ఇదే బలము. మనుష్యులపై జరిగిన పరీక్షలన్నియు దీనిని సమర్థింపలేదన్న మాట నిజమే. అయినను ఒక చిన్న లెక్క చూడుడు: మందు పనిచేయుటకు అరగంట పట్టుననుకొందము. మెలకువ వచ్చిన పిదప ఇచ్చినచో ఆ అరగంట బాధ ఎలుకదే. ముందే ఇచ్చినచో మత్తుమందు కూడ తక్కువ సరిపోవచ్చును.

మేల్కొనువేళ వెచ్చదనము మరియొక అవసరము. చిన్న శరీరము త్వరగా వేడిని కోల్పోవును. చల్లబడిన ఎలుక ఆలస్యముగా లేచును, ఒక్కొక్కపుడు లేవదు. నొప్పితోనున్న జంతువు మేత మానును, బరువు తగ్గును; అట్టి దానినుండి తీసిన కొలతలను ఎంతవరకు నమ్మవచ్చును?

మన 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము 17వ సెక్షన్ శస్త్రక్రియకు తగినంత బలము గల మత్తు సాధ్యమైనంతవరకు ఉండవలెననును. ప్రయోగమునకు ముందును, తరువాతను చక్కగా చూచుకొనుమనును. నొప్పిమందు మాట అచట లేదు. కనుక విద్యార్థులు ఏ పరిశోధన పత్రము చదివినను, 'మత్తు ఇచ్చితిమి' అన్న వాక్యము దగ్గర ఆగి, నొప్పిమందు పేరు, మోతాదు, ఇచ్చిన వేళ వ్రాసిరా లేదా చూడవలెను.