చలానా ఎవరికి రాయాలి?

లోడు బండి ఘాట్ దిగేటప్పుడు దాని వేగమంతా డ్రైవరు కాలి కింద ఉంటుందని స్పీడు కెమెరాలు పెట్టేవాళ్ల నమ్మకం. ఘాట్‌లో తిరిగిన డ్రైవర్లెవరికీ ఆ నమ్మకం లేదు. దిగుడు మొదలయ్యే చోట ఏ గేరు వేశాడో దాన్నిబట్టి వేగం అక్కడే ఖాయమైపోతుంది. సగం దిగాక గేరు తగ్గిద్దామంటే బండి ఒప్పుకోదు. క్లచ్ తొక్కి గేరు తీసిన ఆ కాసేపట్లోనే వేగం పెరిగిపోతుంది. కింది గేరు పడదు, ఒక్కోసారి తీసిన గేరూ మళ్లీ పడదు. ఇక దిక్కు బ్రేకు ఒక్కటే.

ఆ బ్రేకు మీద పడే భారం ఎంతో చిన్న లెక్క వేసి చూశాను. 2018లో యాక్సిల్ బరువుల పరిమితి పెంచాక పది టైర్ల లారీ సరుకుతో కలిపి 28.5 టన్నుల దాకా ఉండొచ్చు. అంత బరువు వంద మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందంటే, 90 లీటర్ల చన్నీళ్లను సలసలా మరిగించేంత శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. కొంత గాలికీ టైర్లకూ పోతుంది. గేర్లో ఉంటే ఇంజను చాలావరకు మింగుతుంది. లేకపోతే మిగిలిందంతా చక్రాల్లోని ఇనుప డ్రమ్ములకే. డ్రమ్ము వేడెక్కితే సాగుతుంది, లోపలి లైనర్లు దాన్ని అందుకోవడానికి ఇంకా దూరం జరగాలి. అందుకున్నా, కాలిన లైనరుకు పట్టు ఉండదు. ‘బ్రేకులు ఫెయిలై బోల్తా’ అని మర్నాడు పేపర్లో చదువుతాం. చల్లారాక విప్పి చూస్తే విరిగిందీ తెగిందీ ఏమీ కనిపించకపోవచ్చు కూడా.

కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఉంది. కార్లలో పోయేవాళ్లకు ఆ పేరు వినగానే పాలకోవా గుర్తొస్తుంది, లారీవాళ్లకు ఘాట్ గుర్తొస్తుంది. అక్కడ ఒక అంగడి ముందు కూర్చుని ఉండగా మదనపల్లె నుంచి టమాటా క్రేట్లు వేసుకొచ్చిన లారీ ఒకటి పక్కకు తీసి ఆగింది. డ్రైవరుకు యాభై దాటి ఉంటాయి. దిగీ దిగగానే టీ అడుగుతాడనుకున్నాను. ఇనుప రాడ్డు తీసుకుని ఒక్కో టైరునూ కొట్టుకుంటూ, చప్పుడు వింటూ బండి చుట్టూ తిరిగాడు. తర్వాత చక్రం నడిమధ్య దగ్గరికి అరచెయ్యి తిప్పి, వెనకవైపు ఆనీ ఆననట్టు పెట్టి వేడి చూశాడు. మళ్లీ క్యాబిన్ ఎక్కి ఎయిర్ మీటరు చూసుకుని, అప్పుడు దిగి టీ చెప్పాడు.

“ఏందన్నా, ఎక్కేదంతా అయిపోయింది గదా, దిగేదానికి ఇంత చూడాలా?” అన్నాను.

“ఎక్కేటప్పుడు బండి నా మాట ఇంటాది సార్. దిగేటప్పుడు లోడు మాట ఇంటాది” అన్నాడు.

కడప దాకా ఆయన పక్కనే కూర్చుని వచ్చాను. ఏ గేర్లో ఎక్కితే ఆ గేర్లోనే దిగాలని మా చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే కదా, అదే అడిగాను. అది పాత బండ్ల లెక్కట. ఇప్పటి ఇంజన్లకు బలమెక్కువ కాబట్టి పెద్ద గేర్లోనే కొండ ఎక్కేస్తాయి. అదే గేర్లో దిగితే ఇంజను పట్టదు, ఇంకొకటి తగ్గించుకోవాలి. ఘాట్ పొడుగునా ఆయన కుడికాలు ఎక్కువసేపు ఊరికే ఉంది. ఇంజను మోత, ఎగ్జాస్ట్ బ్రేకు వేసినప్పుడల్లా బుస్సుమనే చప్పుడు. మలుపు ముందు మాత్రం బ్రేకు గట్టిగా ఒక తొక్కు తొక్కి, వేగం దించి, పూర్తిగా వదిలేసేవాడు. కాలు బ్రేకు మీద ఆనించి ఉంచితే డ్రమ్ముకు చల్లారే సందు దొరకదు.

మధ్యలో ఇంకో లారీ మమ్మల్ని దాటిపోయింది. లోడు బండి, అంత దగ్గరగా దాటిందంటే చెవులు గింగురుమనాలి. మోతే లేదు. న్యూట్రల్‌లో జారుతోంది. మా డ్రైవరు ఏమీ అనలేదు, హారన్ కూడా కొట్టలేదు. తన బండిని ఇంకొంచెం ఎడమకు తీసుకున్నాడంతే.

న్యూట్రల్‌లో దింపితే డీజిలు మిగులుతుందని ఒక నమ్మకం. హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిలో సేలం వైపు పోయే మన లారీలన్నిటికీ ధర్మపురి దాటాక తొప్పూరు ఘాట్ తగులుతుంది. అక్కడి పోలీసులు మొత్తుకునేదీ దీని గురించే. విచిత్రమేమిటంటే, ఇప్పటి ఇంజన్లలో గేర్లో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే డీజిలు పోవడమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే, ఇంజను ఆరిపోకుండా ఉండటానికి కొంత తాగుతూ ఉంటుంది. ప్రాణం మీదికి తెచ్చుకుని ఆ దాటిపోయిన డ్రైవరు మిగిల్చింది సున్నా.

స్పీడ్ గవర్నరు ఉంది కదా అంటారు. 2015 అక్టోబరు నుంచి కొత్త రవాణా వాహనాలకు అది తప్పనిసరి, గంటకు 80 కిలోమీటర్లు దాటనివ్వదు. అది చేసే పనల్లా ఇంజనుకు ఇంధనం తగ్గించడమే. దిగుడులో బండిని పరిగెత్తించేది ఇంధనం కాదాయె. కొండ వాలుకు గవర్నరు లేదు.

అందుకే ఘాట్ చలానాల మీద నాకు గౌరవమూ ఉంది, గుర్రూ ఉంది. కెమెరా ఉందని తెలిస్తే పైనే గేరు తగ్గించుకునేవాళ్లు కొందరైనా ఉంటారు, కాదనను. ముంబయి–పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద భోర్ ఘాట్‌లో భారీ వాహనాలకు 40 కిలోమీటర్ల హద్దు పెట్టి కెమెరాలు బిగించారు. చలానాలు మోపులుగా వచ్చాయని అక్కడి లారీల వాళ్లు గగ్గోలు పెట్టారు. కానీ 38లో వస్తున్న బండి కింద లైనర్లు పొగలు కక్కుతున్నాయని కెమెరాకు ఏం తెలుసు? దానికి చలానా రాదు. ఖాళీ బండి 44లో గేరు పట్టుకుని నిమ్మళంగా దిగితే వస్తుంది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని క్యాబేజ్ హిల్ దిగుడుకు బరువును బట్టి వేగం రాసిన బోర్డు పెట్టారు. బరువు పెరిగేకొద్దీ అంకె తగ్గుతూ పోతుంది. నిండు లోడుకు చెప్పింది గంటకు 18 మైళ్లు, మన లెక్కలో 29 కిలోమీటర్లు. పక్కనే ఖాళీ బండి మామూలుగా పోవచ్చు. మన దగ్గర బరువు తూచే కాటాలు టోల్‌గేటుల్లో ఉన్నాయి, కెమెరాలు ఘాట్లలో ఉన్నాయి, ఆ రెండూ ఎప్పుడు మాట్లాడుకుంటాయో మరి.

తిరుమలది ఇంకో పద్ధతి. అక్కడ లారీల రద్దీ తక్కువేగానీ ఆలోచన మంచిది. కింద టైము, పైన టైము చూస్తారు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలకన్నా ముందే వచ్చేస్తే జరిమానా. ఎక్కే దానికన్నా దిగేదానికే ఎక్కువ టైము పెట్టినవాళ్లెవరో గాని ఘాట్ తెలిసినవాళ్లు. దీనికీ మనవాళ్లు విరుగుడు కనిపెట్టారు. తోలినంత తోలి, చెక్‌పోస్టు కనబడేముందు చెట్టు కింద ఆపి, టైము అయ్యాక కదులుతారు.

ఇక చలానా ఎవరి జేబులోంచి పోతుందన్న సంగతి. 2019 సవరణ తర్వాత కేంద్ర చట్టంలో మధ్యరకం, భారీ వాహనాలకు అతివేగం జరిమానా 2 వేల నుంచి 4 వేల రూపాయలు. మెసేజీ వెళ్లేది బండి ఎవరి పేరున ఉందో వాళ్ల ఫోనుకు. ఓనరు దాన్ని బత్తాలో కోసుకుంటాడు. టమాటా డ్రైవరు కూడా అదే చెప్పాడు. తెల్లారేసరికి మార్కెట్లో దించాలి, ఆలస్యమైతే సరుకు దెబ్బతింటుంది, కిరాయిలో కోత. తొందరపడితే చలానా, అదీ కోతే.

నిజానికి మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ ఇంత అమాయకంగా లేదు. వేగంగా నడిపినవాడితో పాటు, తన కింద పనిచేసేవాడితో అలా నడిపించినవాడూ నేరస్థుడే అంటుంది. అంతటితో ఆగలేదు. హద్దు దాటకుండా చేరడం కుదరని టైము పెట్టి, ఆలోపల చేరాలని చెప్పినా, టైంటేబుల్ వేసినా, అదే ఆ చెప్పినవాడి మీద ప్రాథమిక సాక్ష్యంగా లెక్క. ఎంత చక్కటి మాట! గేరు పైన వేస్తాడు డ్రైవరు, ఆ గేరును అంతకుముందే లోడింగు దగ్గర ఓనరు వేసి ఉంటాడు. ఈ మాట ప్రకారం ఒక్క ఓనరుకైనా చలానా రాసినట్టు నేనెక్కడా వినలేదు.

తెలిసినాయన ఒకరికి పాతిక లారీల దాకా ఉన్నాయి. మొన్న ఆయన్ని కలిసినప్పుడు ఈ సెక్షన్ చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నాడు. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.

“అందుకేనయ్యా మేం టైము రాసివ్వం” అన్నాడు ఫోను బల్లమీద పెడుతూ. “ఎక్కడున్నావ్ అని మాత్రం అడుగుతాం. గంటకోసారి.”