తారీఖును బట్టి కీర్తన

డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక మన చర్చిల్లో వాగ్దానం కార్డులు పంచుతారు. పళ్లెంలో బోర్లా పెట్టిన కార్డుల్లోంచి ఒకటి తీసుకుని, ఆ ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాట అదేనని కళ్లకద్దుకునేవాళ్లను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. కొందరు దాన్ని బైబిల్లో దాచుకుంటారు, కొందరు బీరువా తలుపుకి అంటిస్తారు. ఆ ఆశను నేను చిన్నచూపు చూడలేను. కానీ కార్డుల మీద ఎప్పుడూ దీవెనలే ఉంటాయి, ఏడుపు ఉండదు. ఉద్యోగం పోయినవాళ్లు, కాపురం చెదిరినవాళ్లు, ఇంట్లో మనిషిని సమాధి చేసి వచ్చినవాళ్లు దిక్కుతోచక కూర్చున్నప్పుడు పలకగలిగే మాట ఆ పళ్లెంలో దొరకదు.

కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడ్డ వచనాన్ని జవాబుగా తీసుకునే అలవాటు కూడా మనకుంది. దానికి అగస్టీనును సాక్ష్యంగా చూపిస్తారు. 386లో మిలాన్‌లో, తోటలో ఏడుస్తున్న అగస్టీనుకు చదవమంటున్న పసిగొంతు ఒకటి వినిపించింది. పౌలు పత్రికలు తెరిస్తే కంటపడ్డ వాక్యం ఆయన బతుకునే మలుపు తిప్పింది. ఇంతవరకే చెప్పి ఆపేస్తారు. ఆయనే తరవాత బిషప్ అయ్యాక, లోకవ్యవహారాల కోసం సువార్త పుటల్లో చీటీలు తీసినట్టు వెతకడం తనకు నచ్చదని ఒక ఉత్తరంలో రాశాడు. 430లో వాండల్ సైన్యాలు హిప్పో పట్టణాన్ని ముట్టడించి ఉండగా మంచాన పడ్డాడు. పశ్చాత్తాప కీర్తనలు రాయించి గోడకు పెట్టించుకుని, పడుకునే చదువుకుంటూ కన్నీళ్లు పెట్టుకున్నాడని ఆయనతో ఉన్న పొసీడియస్ రాశాడు. నాకు తోటలోని అగస్టీను కంటే ఈ మంచం మీది అగస్టీనే దగ్గరివాడు.

కీర్తనలు చదవడం నాకు నేర్పింది మా సంఘపెద్ద, రిటైరైన బడిపంతులు. పని పోయి, హైదరాబాదులో గది ఖాళీ చేసి ఊరికొచ్చేసిన రోజులవి. మళ్లీ వెళ్లి ఉద్యోగం వెతుక్కోవాలో, ఒంటరిగా ఉన్న నాన్న దగ్గరే ఉండిపోవాలో తేలడం లేదు.

"దేవుడు నాతో మాట్లాడ్డం లేదు మాస్టారూ" అన్నాను.

ఆయన ఓదార్చలేదు. "ఈరోజు తారీఖెంతరా?" అన్నారు.

"పదిహేడండీ."

"అయితే ఎనభై ఆరు నుంచి ఎనభై ఎనిమిది దాకా. గట్టిగా చదువు, నేను వింటాను."

ఆయన బైబిల్లో కీర్తనల గ్రంథం పొడుగునా అంచుల్లో పెన్సిలుతో తారీఖులు వేసి ఉన్నాయి. '17 ఉ', '17 సా'. చెరిగిపోయినచోట మళ్లీ దిద్దారు. ఇది ఆయన సొంతంగా కనిపెట్టిన లెక్క కాదు. 150 కీర్తనలనూ నెలకొకసారి పూర్తయ్యేలా పొద్దుటికీ సాయంత్రానికీ పంచింది 1549 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం. 31 ఉన్న నెలలో ఆఖరి రోజు ముప్పయ్యో తారీఖువే మళ్లీ చదువుతారు. 1912లో అజరయ్య బిషప్ అయిన డోర్నకల్ అధ్యక్ష మండలంలో మాస్టారి తండ్రి ఉపదేశకుడు. లెక్క ఆయన నుంచి వచ్చింది.

ఆ పొద్దున ఎనభై ఎనిమిదో కీర్తన నా నోట పలకడం కష్టమైంది. మొర పెట్టే కీర్తనలు చాలావరకు చివరికొచ్చేసరికి నమ్మకంలోకో స్తుతిలోకో తిరుగుతాయి. ఇది తిరగదు, చీకట్లోనే ముగుస్తుంది. బైబిల్లో ఇలాంటి మాటకు చోటుందని నాకు అప్పటిదాకా తెలియదు. మాస్టారు దానికి వ్యాఖ్యానం చెప్పలేదు. "రేపు తొంభైతో మొదలు. పొద్దున్నే రా" అన్నారంతే.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనది, ఏం చదవాలో ఎంచుకునే పని మనకు లేకపోవడం. మనసు చెదిరి ఉన్నప్పుడు మనకు మనమే వెతుక్కుంటే, అప్పటికే వినాలనుకున్న మాటే దొరుకుతుంది. తారీఖు మన మనసు అడగదు. ఇరవై మూడో కీర్తన మనలో చాలామందికి నోటికొచ్చు. దానికి ముందున్న ఇరవై రెండోది తెరిచేవాళ్లు తక్కువ. సిలువ మీద యేసు పెట్టిన కేక దాని మొదటి మాటే. నాలుగో తారీఖు సాయంత్రం ఆ రెండూ ఒకే విడతలో చదవాలి. విడిచిపెట్టేశావేమని దేవుణ్ణి అడిగిన నోటితోనే ఆయన్ని కాపరి అని పిలవాలి. రెండో తారీఖు సాయంత్రం వచ్చే పదమూడో కీర్తనలో ఇంకెంతకాలమన్న ప్రశ్న మొదటి రెండు వచనాల్లోనే నాలుగుసార్లు ఉంది. అంత నిలదీస్తున్నా దావీదు దేవుడి వైపు నుంచి ముఖం తిప్పుకోలేదు. ఏ దారీ కనిపించని ఆ రోజుల్లో నా ముఖం ఎటుండాలో నాకు తెలిసింది ఆ కీర్తన వల్లే.

ఊళ్లో ఉండిపొమ్మని ఏ వచనమూ నాకు చెప్పలేదు. నెలలు గడిచేకొద్దీ, వెనక్కొచ్చేశాడని నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం వదులైంది. అది వదిలాక నాన్న అవసరం నాకు స్పష్టంగా కనిపించింది. ఉండిపోయాను. దీన్ని నేను దేవుడి నడిపింపనే అంటాను.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు మూడు మాటలు. పైకి వినబడేలా చదవండి. ఒక రోజు తప్పిపోతే వెనక్కెళ్లి బాకీ తీర్చొద్దు, ఆ రోజు తారీఖు తెరవండి. సంతోషంగా ఉన్న రోజున ఏడుపు కీర్తన వస్తే, ఏడుస్తున్నవాళ్లెవరో మీకు తెలిసే ఉంటుంది, వాళ్ల పక్షాన చదవండి.

నూట పంతొమ్మిదో కీర్తనలో 176 వచనాలున్నాయి. ఇరవై నాలుగు సాయంత్రం మొదలుపెడితే ఇరవై ఆరు సాయంత్రానికి పూర్తవుతుంది. క్యాలెండర్ల మీద అచ్చేసే దీపం వచనం, 105వది, ఇరవై ఆరు పొద్దున వస్తుంది. సాయంత్రం చివరి వచనంలో, అప్పటిదాకా ధర్మశాస్త్రాన్ని అంతగా ప్రేమించిన ఆ మనిషే, తప్పిపోయిన గొర్రెలా తిరిగానని ఒప్పుకుని తనను వెతకమని దేవుణ్ణి అడుగుతాడు. ఏం చేయాలో తెలియడం లేదని ఆ నెలలో నాతో చెప్పుకున్నవాళ్ల పేర్లు పలికి ఆ వచనం చదువుతాను. ఈ మధ్య ఆ పేర్లలో ఎక్కువమంది పాతికేళ్లలోపు పిల్లలే.