వెలుగునకు కట్టిన వెల

కళాకారునకు కీర్తి రెండు విధములుగా లభించును. ఒకటి మెట్టు మెట్టుగా ఎక్కి అందుకొనునది. రెండవది ఒక్క రాత్రిలో వచ్చి మీద పడునది. రంగస్థలమునకు మొదటిది సహజము. స్థానం నరసింహారావుగారు స్త్రీ పాత్రలలో ఆంధ్రదేశమును ముగ్ధ మొనర్చిరన్నచో, ఆ యశస్సు వెనుక ఊరూర తిరిగిన ఏండ్ల పరిశ్రమ కలదు. ప్రేక్షకుని కన్నులలో తన విలువను తాను చూచుకొను అవకాశము నాటక నటునకు ప్రతి రాత్రియు నుండెను. సినిమా ఈ క్రమమును తారుమారు చేసెను. నటుడు ఇంట నిద్రించుచుండగనే అతని బింబము నూరు పట్టణములలో ఆడుచుండును. తన్ను తాను ఎరుగక మునుపే లోక మతనిని ఎరిగిపోవును. ఈ అకాల పరిచయమునకు మన తారలు చెల్లించిన మూల్యమును గూర్చి విమర్శకులు తగినంతగా విచారింపలేదు.

తొలినాటి తెలుగు తెరకు అందాల తార కాంచనమాల. 1938లో గూడవల్లి రామబ్రహ్మంగారి 'మాలపిల్ల'తో ఆమె పేరు ఇంటింట మారుమ్రోగెను. 1942లో వచ్చిన 'బాలనాగమ్మ' ఆ కీర్తికి శిఖరము. నాటి కామెకు ముప్పది యేండ్లైనను నిండలేదు. అటుపిమ్మట ఒప్పందపు వివాదములు, భర్తృవియోగము, మనోవ్యాధి ఆమెను తెరకు దూరము చేసినవి. మరల 1963లో 'నర్తనశాల'లో ఆమె కొద్ది క్షణములు మాత్రము కనిపించెను. ఆ చిత్రమున ద్రౌపది సావిత్రి. ఆరిన దీపము, వెలుగుచున్న దీపము ఒకే చిత్రమున చేరిన ఘట్టమది. నాటి ప్రేక్షకులు దానిని గుర్తించిరో లేదో! 1981లో ఆ యిరువురును లోకమును విడిచిరి.

సావిత్రి ఉత్థానము మరింత వేగముగా జరిగెను. 1950లో 'సంసారం'లో చిన్న వేషము, మరుసటి యేట 'పాతాళభైరవి'లో ఒక నృత్యము, 1953లో 'దేవదాసు' పార్వతి, 1955లో 'మిస్సమ్మ', 1957లో 'మాయాబజార్' శశిరేఖ. ఏడేండ్లలో ఒక బాలిక ఒక జాతికి ఆడపడుచు అయ్యెను. 1980లో అపస్మారకమున పడి, ఏడాదిన్నరకు పైగా మృత్యువుతో పోరాడి, 1981 డిసెంబరు 26న కన్నుమూసెను.

ఈ కథను నాగ్ అశ్విన్ 2018లో 'మహానటి'గా తెర కెక్కించిరి. కీర్తి సురేశ్ నటనకు జాతీయ పురస్కారము లభించుట సముచితము. అనుకరణగా మిగిలిపోదగిన పాత్రకు ఆమె ప్రాణము పోసినది. కాని ఆ చిత్రము చూచి వెలుపలికి వచ్చినవారి మాటలు వినుడు: ప్రేమించి భంగపడినది, దానము చేసి చెడినది, త్రాగి నశించినది. ఒక స్త్రీ జీవితము మూడు వాక్యముల నీతికథగా ముగిసినది. 'ప్రాప్తం' వలన కలిగిన నష్టమును, పన్నుల బాధను చిత్రము చూపకపోలేదు. అయినను దాని గుండెకాయ భగ్నప్రణయమే. 1968లో స్త్రీలను కూడగట్టుకొని 'చిన్నారి పాపలు' అను చిత్రమునకు సావిత్రి స్వయముగా దర్శకత్వము వహించెను. తన బింబమునకు తానే యజమానురాలు కావలెనను తపన అందు కలదు. నా దృష్టిలో ఆమె జీవితమునకు కీలకమైన ఘట్టమది. ప్రణయ విషాదము దానిని కప్పివేసినది.

ఇందులకు ప్రతిపక్షము లేకపోలేదు. అదే చిత్రసీమలో భానుమతి చెక్కుచెదరక నిలిచిరి గదా యని అడుగవచ్చును. నిజమే. 'మిస్సమ్మ' పాత్ర మొదట ఆమె కుద్దేశింపబడినదే. అది చేజారినను ఆమె కేమియు కొరత కలుగలేదు. కారణము స్వభావ దార్ఢ్య మొక్కటియే కాదు. ఆమెకు సంగీతము కలదు, కలము కలదు, భర్తతో కలిసి నెలకొల్పుకొన్న భరణీ సంస్థ కలదు. తెర విడిచినను నిలుచుటకు ఆమెకు వేరు నేల యుండెను. ఆ నేల లేని వారిని బలహీనులని నిందించుట న్యాయము కాదు.

ఈ బాధ మదరాసు కాలముతో ముగిసిన దనుకొనరాదు. హైదరాబాదు చిత్రసీమలో ఉదయ్ కిరణ్ 2000లో 'చిత్రం'తో ప్రవేశించెను. 2001లో 'నువ్వు నేను', 'మనసంతా నువ్వే' విజయములతో యువకుల ఆరాధ్యుడయ్యెను. 2014 జనవరి 5న, ముప్పది మూడవ యేట, తన జీవితమును తానే ముగించుకొనెను. అట్టి మరణమునకు ఒక్క కారణమును నిర్ణయించుట అవివేకము. అయినను ఒక్క మాట చెప్పవచ్చును: తార యైనవాడు మరల సామాన్యుడై, గౌరవముతో బ్రతుకుటకు మన సమాజము దారి విడువదు. ఉద్యోగి పదవీ విరమణ చేసినచో పూలమాల వేసి పంపుదుము. తారకు అవకాశములు తగ్గినచో 'పని అయిపోయినది' అని నవ్వుదుము.

ఈ ఊర్జానగర్ వాసులకు యంత్రధర్మము కొత్త కాదు. చల్లారిన టర్బైనును ఒక్కసారిగా పూర్తి భారమునకు తీసికొనిపోరు. లోహము క్రమముగా వేడెక్కవలెను, లేకున్న బీటలు వారును. ఆపిన పిదపనైనను చాలసేపు మెల్లగా త్రిప్పుచునే యుందురు; లేకున్న ఇరుసు వంగును. ఉక్కునకు చూపెడి ఈ జాగ్రత్తను మనము మనిషికి చూపుట లేదు.

నటుడు పాత్ర వంటివాడనియు, పాత్ర తనలోని రసమును తాను చవిచూడదనియు ఆలంకారికుల భావన. రసము సహృదయునిది. అట్లైనచో ఆ పాత్రను జాగ్రత్తగా పట్టుకొను బాధ్యతయు సహృదయునిదే. ఒకప్పుడు ఈ చంద్రపురము మీదుగా పోవు గ్రాండ్ ట్రంక్ రైలు చేరు మదరాసే తారల ఊరు. నేడు చేతిలోని ఫోను చాలును. మన బిడ్డలలో ఎవరైనను ఒక్క రాత్రిలో లక్షలమందికి తెలిసిపోవచ్చును. వారికి కీర్తి వచ్చిననాడు చప్పట్లు కొట్టువారు చాలమంది దొరుకుదురు. అది పోయిననాడు తలుపు తెరచి, భోజనము పెట్టి, మునుపటి పేరుతోనే పిలిచెడివారు కొందరైనను ఉండవలెను. తెలుగు సంఘములు తమ సభలకు వెలుగుచున్న తారలతోపాటు, తెర విడిచిన వృద్ధ కళాకారులను గూడ పిలిచి ఆదరించుట ఆ దిశగా తొలి అడుగు కాగలదు.