తోడు పరుగు: కామ్రేడ్స్ బస్సు నేర్పే విద్య

దక్షిణాఫ్రికాలో డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య ఏటా జరిగే కామ్రేడ్స్ మారథాన్‌లో ‘బస్సు’ అంటే మనుషుల గుంపు. ముందు ఒకరు గమ్యం చేరే సమయం రాసిన చిన్న జెండా పట్టుకుని పరుగెడతారు. ఆ మనిషిని డ్రైవర్ అంటారు. వెనక పదుల సంఖ్యలో, ఒక్కోసారి వందల సంఖ్యలో, ఒకరి ఊరూ పేరూ మరొకరికి తెలియని జనం అడుగులో అడుగు వేస్తూ సాగుతారు. టికెట్టు ఉండదు. ఎక్కడైనా ఎక్కవచ్చు, ఎక్కడైనా దిగవచ్చు. సుమారు 90 కిలోమీటర్ల దూరాన్ని 12 గంటల్లో ముగించాల్సిన ఈ పరుగులో, ఒంటరిగా అయితే సగం దారిలో చతికిలబడేవాళ్లు ఎందరో ఈ బస్సులెక్కి గట్టెక్కుతున్నారు. ప్రోత్సాహం అనగానే మనకు చప్పట్లు, ఈలలు, భుజం తట్టడం గుర్తొస్తాయి. అవన్నీ మంచివే గాని, అంతటితో సరిపెట్టుకుంటే ఒక పెద్ద విద్యను చిన్నది చేసినట్టే. తోటివాణ్ణి పరుగెత్తించడానికి లెక్క కావాలి, లయ కావాలి, ఏ మాట ఎప్పుడు అనాలో ఎప్పుడు నోరు కట్టుకోవాలో తెలియాలి. మంచి మనసు ఉన్నంత మాత్రాన ఇవి వచ్చేయవు. నేర్చుకుంటేనే వస్తాయి. కామ్రేడ్స్ బస్సు అందుకు తిరుగులేని సాక్ష్యం.

పీటర్‌మారిట్జ్‌బర్గ్ పేరు తెలుగు పాఠకులకు కొత్త కాదు. 1893 జూన్ 7 రాత్రి గాంధీని మొదటి తరగతి పెట్టెలోంచి దింపేసింది ఆ స్టేషన్‌లోనే. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నాటల్ చెరకు తోటల్లో కూలికి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల సంతతి ఇప్పటికీ డర్బన్ చుట్టుపక్కల ఉంది. ఆ నేల మీదే 1921 మే 24న ఈ పరుగు మొదలైంది. మొదటి ప్రపంచయుద్ధంలో తూర్పు ఆఫ్రికా ఎండల్లో నడిచి అలసిన విక్ క్లాపమ్ అనే రైలింజన్ డ్రైవర్, చనిపోయిన తోటి సైనికుల జ్ఞాపకార్థం మనిషి ఓర్పును పరీక్షించే పరుగు పెట్టాలని పట్టుబట్టి సాధించాడు. ఆ ఏడు బయలుదేరింది 34 మంది, చేరింది 16 మంది. గెలిచిన బిల్ రోవన్‌కు పట్టిన సమయం 8 గంటల 59 నిమిషాలు. ఇప్పుడు పాల్గొనేవాళ్లు వేలల్లో ఉంటారు. సాధారణంగా ఒక ఏడు సముద్రతీరపు డర్బన్ నుంచి ఎగువకు, మరుసటి ఏడు దిగువకు పరుగెడతారు. దారిలో కౌవీస్ హిల్, ఫీల్డ్స్ హిల్, బోథాస్ హిల్, ఇంచంగా, పాలీ షార్ట్స్ అనే ఐదు పెద్ద ఎక్కుళ్లున్నాయి. యుద్ధంలో పక్కవాడు పడిపోతే ఆగి చూసే అవకాశం చాలాసార్లు ఉండదు. ఆ చనిపోయినవాళ్ల పేర మొదలైన పరుగు, పక్కవాణ్ణి వదలకుండా తీసుకెళ్లే పద్ధతికి పుట్టిల్లు కావడంలో ఒక సబబు ఉంది.

బస్సు విద్యలో మొదటిది లెక్క. పన్నెండు గంటలంటే 720 నిమిషాలు. 90 కిలోమీటర్లకు పంచితే కిలోమీటరుకు ఎనిమిది నిమిషాలు. కాగితం మీద చూస్తే ఇది కాస్త చురుకైన నడకకు ఎక్కువ, పరుగుకు తక్కువ. కాని కొండలు, నీళ్ల బల్లల దగ్గర ఆగడం, మధ్యాహ్నపు ఎండ, మొద్దుబారిన తొడలు ఆ సగటులోంచి నిమిషాల్ని కొరుక్కు తింటాయి. దానికి తోడు దారి మధ్యలోనూ గడువులున్నాయి. ఫలానా చోటికి ఫలానా వేళకు చేరకపోతే అక్కడే ఆపేస్తారు. కొత్తవాడు చేసే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: తెల్లవారుజామున ఒళ్లు తేలికగా ఉన్నప్పుడు వేగంగా పరుగెత్తి, ఆ అప్పు మధ్యాహ్నం వడ్డీతో తీర్చలేక కూలబడతాడు. మంచి డ్రైవర్ పొద్దున గుంపును పట్టి ఆపుతాడు. ఎక్కుడులో నడిపిస్తాడు, చదునులో కొంతసేపు పరుగు, కొంతసేపు నడక అని లెక్కపెట్టి పిలుస్తాడు, దిగుడులో మోకాళ్లు చెడకుండా వేగాన్ని అదుపులో ఉంచుతాడు, చివరి గంట కోసం కొన్ని నిమిషాలు మిగిల్చి పెడతాడు. దీనివల్ల వెనకున్నవాళ్లకు కలిగే మేలు కాళ్లకన్నా ముందు తలకు అందుతుంది. ‘ఇప్పుడు పరుగెత్తనా, నడవనా, ఇంకెంత దూరం, సరిపోతుందా’ అని పది గంటలపాటు తనతో తాను వాదించుకునే పని ఒక్కసారిగా తప్పిపోతుంది. అలసిన మనిషికి మనం ఇవ్వగల మొదటి సాయం అతను చేయాల్సిన నిర్ణయాల్ని తగ్గించడం.

రెండోది లయ. కామ్రేడ్స్ ప్రారంభరేఖ దగ్గర వేలమంది కలిసి ‘షోషోలోజా’ పాడతారు. గనులకు వలస వెళ్లే కూలీలు పాడుకున్న ఆ పాటలో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. బస్సుల్లోనూ అదే వరస నడుస్తుంది: డ్రైవర్ ఒక పిలుపు ఇస్తాడు, గుంపు బదులిస్తుంది. మన దగ్గర బరువులు లాగేవాళ్లు, పడవ తోసేవాళ్లు పాడే హైలెస్సా చేసే పనే ఇది. పాటవల్ల బరువు తగ్గదు, అందరి బలం ఒకే క్షణాన పడుతుంది. దీని వెనక శరీరశాస్త్రం కూడా ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పడవ పందెగాళ్ల మీద జరిపి 2009లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, అంతే శ్రమ ఒంటరిగా చేసినప్పటికన్నా జట్టుగా ఒకే లయలో చేసినప్పుడు వాళ్లు నొప్పిని ఎక్కువ ఓర్చుకోగలిగారు. అది కొద్దిమంది మీద చేసిన చిన్న ప్రయోగమే, దాని మీద కోటలు కట్టకూడదు. అయినా బస్సులో పరుగెత్తేవాళ్లు ఏళ్లుగా చెబుతున్నదానికి అది అనుగుణంగానే ఉంది. పాటకు ఇంకో చిన్న ప్రయోజనమూ ఉంది: పాడుతూ పరుగెత్తగలుగుతున్నారంటే ఊపిరి అదుపులో ఉన్నట్టు. బదులు వినిపించడం తగ్గితే వేగం ఎక్కువైందని డ్రైవర్‌కు వెంటనే తెలిసిపోతుంది.

మూడోది, అన్నిటికన్నా కష్టమైనది, మాట. పరుగు చూసేవాళ్లు మంచి ఉద్దేశంతోనే అనే ‘వచ్చేసింది, ఇంకెంతో లేదు’ అన్న మాటంటే రన్నర్లకు ఒళ్లు మంట. ఇంకా ముప్పై కిలోమీటర్లు మిగిలి ఉన్నవాడికి అది అబద్ధమని తెలుసు. అబద్ధం చెప్పినవాడి తర్వాతి మాట చెవికెక్కదు. పనికొచ్చే మాట నిజమైనదిగా, చిన్నదిగా, వెంటనే చేయగలిగేదిగా ఉంటుంది: ‘ఆ మలుపు దాకా నడక, తర్వాత పరుగు’, ‘భుజాలు వదులు చెయ్యి’, ‘నీళ్లు కుడివైపు’. మాటకు కాళ్ల మీద పట్టు ఉందనడానికీ ఆధారముంది. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో 24 మందిని అలసి ఆగిపోయేదాకా సైకిలు తొక్కించారు. తమకు తాము ధైర్యం చెప్పుకునే మాటల్ని రెండు వారాలపాటు సాధన చేసినవాళ్లు తర్వాతి పరీక్షలో 18 శాతం ఎక్కువసేపు తొక్కగలిగారు. ఇక్కడ సాధన అన్నది గమనించాలి. మాట కూడా కండరంలాగా తయారు కావాలి. కామ్రేడ్స్‌లో ఛాతీ మీది నంబరు పలక ఈ పనికి సాయపడుతుంది. దాని మీద పేరుంటుంది, ఇప్పటిదాకా ఎన్నిసార్లు పూర్తి చేశారో ఉంటుంది. తొమ్మిదిసార్లు పూర్తిచేసి పదోసారి దిగినవాళ్లది పసుపు పలక. పదోది పూర్తయితే ఆ నంబరు శాశ్వతంగా వాళ్లదే, దాన్ని గ్రీన్ నంబర్ అంటారు. పసుపు పలక కనబడగానే చుట్టూ ఉన్నవాళ్లకు ఏమనాలో తెలిసిపోతుంది. మొదటిసారి వచ్చినవాడికి ఏం చెప్పాలో కూడా ఆ పలకే చెబుతుంది. ఊరికే ‘శభాష్’ అనడానికీ, మనిషిని చూసి మాట ఎంచడానికీ ఉన్న తేడా అది.

తెలియని ప్రోత్సాహం ఎంత ప్రమాదమో కూడా ఈ పరుగే చూపించింది. ‘దాహం లేకపోయినా తాగు, ఇంకా తాగు’ అన్నది ఒకప్పుడు దూరపు పరుగులో అందరూ చెప్పే మంచిమాట. 1981 కామ్రేడ్స్‌లో ఒక రన్నర్ ఆ ధోరణిలో అతిగా నీరు తాగి, రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. దక్షిణాఫ్రికా వైద్యుడు టిమ్ నోక్స్ ఇలాంటి ఉదంతాలను పరిశీలించి 1985లో ప్రచురించాక గాని, అతిగా తాగడమూ ప్రాణాంతకమేనన్న ఎరుక క్రీడావైద్యంలో మొదలవలేదు. ప్రేమతో అందించిన గ్లాసే ప్రాణం మీదికి తేగలిగినప్పుడు, ప్రోత్సహించేవాడికి తెలివిడి ఉండితీరాలనడం అతిశయోక్తి కాదు.

ఈ బస్సు పద్ధతికి బలమైన అభ్యంతరాలున్నాయి. పరుగు ఒంటరి సాధన, ఎవడి గెలుపు వాడిదే, ఒకరి లెక్క మీద ఊగుతూ వెళ్లినవాడి పతకానికి విలువేమిటన్నది మొదటిది. కాని బస్సు ఎవరినీ మోయదు. డ్రైవర్ లెక్క ఇస్తాడు, కాళ్లు ఎవరివి వాళ్లవే. పైగా సాయం తీసుకోవడం వెనకబడ్డవాళ్ల లక్షణం కూడా కాదు. 2019 అక్టోబర్ 12న వియన్నాలో ఎలియుడ్ కిప్చోగే మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో ముగించినప్పుడు, గాలి తగలకుండా వంతులవారీగా అతని చుట్టూ పరుగెత్తింది 41 మంది పేసర్లు. పేసర్లను వంతులవారీగా మార్చడం వంటి కారణాలవల్ల దాన్ని అధికారిక రికార్డుగా లెక్కించలేదు. అయినా అతని ఓర్పును ఎవరూ శంకించలేదు. రెండో అభ్యంతరం ఆచరణకు సంబంధించింది, అందులో నిజముంది. పెద్ద బస్సు రోడ్డంతా ఆక్రమిస్తుంది, వెనకనుంచి వచ్చేవాళ్లకు దారి దొరకదు, నీళ్ల బల్ల మీద ఒక్కసారిగా పడితే చివరున్నవాళ్లకు ఏమీ మిగలదు. అనుభవం లేని డ్రైవర్ లెక్క తప్పితే ఒక్కడితో పోదు, గుంపంతా గడువు దాటిపోతుంది. దీనికి జవాబు బస్సును రద్దు చేయడం కాదు, డ్రైవర్‌ను ఆచితూచి ఎంచుకోవడం. ఆ దారిని అనేకసార్లు, తన సత్తాకు చాలా తక్కువ వేగంతో పరుగెత్తగలిగినవాళ్లే ఆ పనికి తగినవాళ్లు. తన సొంత సమయాన్ని వదులుకోలేనివాడికి జెండా ఇవ్వకూడదు.

మూడో అభ్యంతరం మరీ బరువైంది: గుంపు ఊపులో మనిషి ఒంటి హెచ్చరికల్ని వినడు, ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. కామ్రేడ్స్‌లో ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి, దీన్ని దాటవేయకూడదు. అయితే ఒంటరిగా పరుగెత్తేవాడి తూలిన అడుగును, తడబడిన మాటను గమనించేది ఎవరు? బస్సులో పక్కవాడు గమనిస్తాడు. దిగిపొమ్మని చెప్పగలగడం కూడా ప్రోత్సాహంలో భాగమే అని ఒప్పుకున్న గుంపు, ఒంటరి మొండితనం కన్నా క్షేమం. ఆ మాట చెప్పలేని గుంపుకు మాత్రం ఈ అభ్యంతరం పూర్తిగా వర్తిస్తుంది.

ఇంత తోడు మాటలు చెప్పి, చివర ఆ కర్కశత్వమేమిటని అడిగేవాళ్లున్నారు. పన్నెండు గంటలు నిండగానే ఒక అధికారి గమ్యరేఖకు వీపు తిప్పి నిలబడి తుపాకీ పేలుస్తాడు, దారి మూసేస్తారు. ఒక్క అడుగు దూరంలో ఉన్నా పతకం లేదు. ఐదుసార్లు విజేత అయిన వాలీ హేవార్డ్ 1989లో 80వ ఏట పరుగెత్తినప్పుడు, అప్పటి 11 గంటల గడువుకు రెండు నిమిషాల లోపే మిగిలి ఉండగా చేరాడు. అంతటి వ్యక్తికీ మినహాయింపు ఉండేది కాదు. నిజానికి ఆ గీతే బస్సుకు అర్థమిస్తోంది. ఎప్పుడు వచ్చినా పరవాలేదన్నప్పుడు డ్రైవర్ లెక్కకు పని లేదు, ప్రోత్సాహం మొహమాటపు పొగడ్తగా మిగులుతుంది. కఠినంగా ఉండాల్సింది గడువు, మనుషులు కాదు. అన్యాయమైన గీత వేరు. 1923లో ఫ్రాన్సెస్ హేవార్డ్‌కు స్త్రీ అన్న కారణంతో ప్రవేశం ఇవ్వలేదు. ఆమె అనధికారికంగా పరుగెత్తి 11 గంటల 35 నిమిషాల్లో పూర్తిచేస్తే తోటి రన్నర్లు, ప్రేక్షకులు చందాలు వేసుకుని వెండి టీ సెట్టు బహూకరించారు. నల్లజాతి రన్నర్ రాబర్ట్ మ్‌చాలీ 1935లో పరుగు పూర్తిచేసినా లెక్కలోకి రాలేదు. 1975లో గాని స్త్రీలకూ, అన్ని జాతులవారికీ అధికారికంగా తలుపు తెరుచుకోలేదు. రోడ్డు మీది స్నేహం నియమాలకన్నా ముందుందనడానికి ఆ టీ సెట్టు సాక్ష్యం. స్నేహం ఒక్కటే నియమాల్ని మార్చలేదనడానికి ఆ అర్ధశతాబ్దం సాక్ష్యం.

ఈ విద్య పరుగు రోజుతో అయిపోదు. కామ్రేడ్స్‌కు దిగాలంటే ముందు ఒక మారథాన్‌ను నిర్ణీత సమయంలో పూర్తిచేసి అర్హత పొందాలి. దానికి నెలల తరబడి క్లబ్బులతో వారాంతపు పొడుగు పరుగులు తప్పవు. సుమారు పదకొండు లక్షల మంది రన్నర్ల వివరాలతో 2017లో వెలువడిన ఒక అధ్యయనం, స్నేహితులు అదనంగా ఒక కిలోమీటరు పరుగెత్తితే మనమూ దాదాపు 300 మీటర్లు ఎక్కువ పరుగెత్తుతామని తేల్చింది. పొద్దున్నే పక్కమీద నుంచి లేపేది సంకల్పం కన్నా వీధి చివర ఎదురుచూసే మనిషే అని అందరికీ తెలుసు. హైదరాబాదులో, విశాఖలో, విజయవాడలో ఇప్పుడు తెల్లవారకుండానే రన్నర్ల గుంపులు కనబడుతున్నాయి, మారథాన్లలో పేసర్లు జెండాలతో పరుగెడుతున్నారు, ఇక్కడినుంచి డర్బన్ దాకా వెళ్లేవాళ్లూ పెరిగారు. ఆ గుంపులకు చెప్పదగ్గ మాట ఒకటే. వేగంగా పరుగెత్తేవాణ్ణి ముందు పెట్టి మిగతావాళ్లను వెనక ఈడ్చుకోవడం బస్సు కాదు. నెమ్మదిగా, నిలకడగా పరుగెత్తగలిగినవాళ్లను వెతికి వాళ్లకు పేసర్ శిక్షణ ఇవ్వండి. దూరం గురించి ఎవరికీ అబద్ధం చెప్పకండి. ఒళ్లు బాగాలేనివాణ్ణి ఇంటికి పంపడం కూడా నేర్చుకోండి. చివరివాడు వచ్చేదాకా పరుగు ముగిసిందని అనకండి.