సున్నా ఎక్కడ పెట్టాలి

సాగర్ రోడ్డు మీద ఉన్న మా ఇబ్రహీంపట్నం వాళ్లకు నాగార్జునసాగర్ మట్టం వాతావరణ వార్త లాంటిది. నిండితే 590 అడుగులు, కనీస మట్టం 510. ఈ అంకెల్ని ఎక్సెల్‌లో గీతగా గీసి, నిలువు అక్షాన్ని సున్నా నుంచి మొదలుపెట్టి చూడండి. 590 నుంచి 510కి పడిన గీత కాస్త వంగినట్టుంటుంది, అంతే. తగ్గింది 14 శాతం లోపే కదా!

జలాశయంలో జరిగింది వేరు. 312 టీఎంసీలు సుమారు 131కి వచ్చాయి. సగానికి పైగా నీళ్లు పోయాయి. ఆ అడుగుల్ని సముద్రమట్టం నుంచి కొలుస్తారు, వాటి సున్నా డ్యాం పునాదికి చాలా దిగువన ఉంటుంది. పైగా జలాశయం పైకి వెళ్లేకొద్దీ విశాలమవుతుంది కాబట్టి, పైన తగ్గే ఒక్కో అడుగూ కింది అడుగు కన్నా ఎక్కువ నీళ్లు తీసుకుపోతుంది. అందుకే మట్టం గీతకు 490 నుంచి 600 వరకే అక్షం పెట్టాలంటాను. అది మోసం కాదు, నిజాన్ని కనబడనివ్వడం.

టీఎంసీలను కమ్మీలుగా (బార్ చార్ట్) గీస్తే మాత్రం సున్నా తప్పనిసరి. అక్కడ కమ్మీ పొడవే నీటి పరిమాణం. 120 నుంచి మొదలుపెడితే 312 కమ్మీ 131 కమ్మీకి పదిహేడు రెట్లు కనిపిస్తుంది. అసలు తేడా రెండున్నర రెట్లు కూడా లేదు.

ఈ నిర్ణయాన్ని సాఫ్ట్‌వేర్‌కు వదిలేయడం నాకు బొత్తిగా నచ్చదు. అత్యధిక, కనిష్ఠ విలువల తేడా అత్యధిక విలువలో ఆరో వంతు దాటితే ఎక్సెల్ తనంతట తానే సున్నాకు దిగుతుంది. పట్టికలో అత్యధికం 590, కనిష్ఠం 510 అయితే గీత బాగానే కనిపిస్తుంది. కనీస మట్టం కన్నా దిగి 490 అయిందా, అక్షం సున్నాకు జారి గీత చదునవుతుంది. కరువు ముదిరిన ఏడాదే బొమ్మ కరువును దాచేస్తుందన్నమాట. ఫార్మాట్ యాక్సిస్‌లోకి వెళ్లి మినిమం, మాక్సిమం మన చేత్తో రాయాల్సింది ఇందుకే.

భూగర్భజలాలకు ఇంకో చిక్కు. అక్కడ అంకె లోతు. పెరిగితే నీళ్లు అడుగంటినట్టు. అక్షాన్ని తిరగేసి సున్నాను పైన, నేల మట్టంగా పెడితేనే బోరు వేసిన రైతుకు గీత చూడగానే తెలుస్తుంది. ఇబ్రహీంపట్నం, యాచారం మండలాల గ్రాఫులు పక్కపక్కనే వేస్తే రెండింటికీ ఒకే కొలత ఉండాలి. ఎక్సెల్‌కు వదిలేస్తే రెండు మీటర్ల పతనమూ ఎనిమిది మీటర్ల పతనమూ ఒకే వాలుగా కనిపించవచ్చు, ట్యాంకర్ ముందు ఏ ఊరికి పంపాలో కాగితం చెప్పలేదు.