గుంతకు రెండు బకెట్లు

రెండేళ్ల కిందటి వేసవి. ఏప్రిల్ చివరి వారం, రాత్రి పదిన్నర. వాచ్‌మన్ ఇంటర్‌కమ్ కొట్టాడు.

"మేడమ్, మీ కారు డబ్బల ఎర్ర లైటు కొడుతుంది. పచ్చది వస్తలేదు."

డబ్బా అంటే ఛార్జింగ్ తీగ మధ్యలో వేలాడే ఇటుకంత పెట్టె. పాలు తోడుపెట్టి, గ్యాస్ కట్టేసి, సెల్లార్‌లోకి దిగి ఆ తీగను కారుకు తగిలించి రావడం మా ఇంట్లో రోజూ ఆఖరి పని. పచ్చ లైటు వెలిగితే కరెంటు ఎక్కుతున్నట్టు. ఎర్రది వెలిగితే పెట్టెకు ఏదో నచ్చలేదన్నమాట. దిగి చూశాను. ప్లగ్గు తీసి పెట్టాను, ఎంసీబీ దింపి ఎత్తాను. మళ్లీ ఎరుపే. కారులో ఇంకా నలభై శాతం ఉంది, మర్నాటి ఆఫీసుకు ఢోకా లేదు. పైకొచ్చి పడుకున్నాను.

పొద్దున్నే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. కొండాపూర్‌లో మా వీధి అపార్ట్‌మెంట్లన్నిటికీ ఆయనే. సంచిలోంచి ఒక పాత హోల్డరు, దానికి నూరు క్యాండిల్ బల్బు, రెండు వైరు ముక్కలు తీశాడు. మీటర్ల బోర్డు దగ్గర ఒక కొసను ఫేజుకు, ఇంకో కొసను ఎర్త్‌కు ఆనించాడు. ఎర్త్ బాగుంటే బల్బు భగ్గున వెలగాలి. లోపలి తీగ కాస్త ఎర్రబడి అక్కడే ఆగిపోయింది.

"ఎర్త్ లేదు మేడమ్," అని, గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పాడు. "చిన్న ప్లగ్గు చేసిస్త. దాంట్ల న్యూట్రల్, ఎర్త్ కలిపేస్త. మస్తుమంది అట్లనే నడిపిస్తున్నరు. పచ్చ లైటొస్తది."

వస్తుంది. నిజమే. పెట్టెను బోల్తా కొట్టించడం అంత తేలిక. కానీ ఎక్కడో న్యూట్రల్ వైరు తెగిందనుకోండి, అప్పుడు కరెంటు తిరిగి వెళ్లే దారి లేక ఆ జోడింపు గుండా కారు రేకు మీదికి వస్తుంది. తలుపు పిడి మీద చెయ్యి వేసినవాళ్లే దానికి దారి. ఎర్ర లైటు నన్ను సతాయించడానికి వెలగలేదు, ఆ చెయ్యి కోసం వెలిగింది.

సరే, మరి ఎర్తింగ్ గుంత ఎక్కడ? అసోసియేషన్ కార్యదర్శి గారికి తెలియదు. బిల్డరు ఇచ్చిన ప్లాన్లలో లేదు. పద్దెనిమిదేళ్లుగా ఉంటున్న నాకూ తెలియదు. వాచ్‌మనే చెప్పాడు: "గా కరివేపాకు కుండీ కింద ఉంటది మేడమ్. బిల్డింగ్ కట్టేటప్పుడు నేనే తవ్విన." కుండీ జరిపితే టైల్సు. ఒక టైలు పెకలిస్తే సిమెంటు మూత. మూత తీస్తే దుమ్ముతో పూడిపోయిన గొట్టం, దాని చుట్టూ పగుళ్లిచ్చిన మట్టి. రెండు బకెట్లు నీళ్లు పోశాడు. బుడబుడమంటూ ఇంకిపోయాయి. గంట ఆగి బల్బు పెడితే కళ్లు మిరుమిట్లు గొలిపింది. ఆ రాత్రి పచ్చ లైటు వచ్చింది.

ఎలక్ట్రిక్ కారు గురించి ఎవరైనా సలహా అడిగితే నేను ఈ గుంతతో మొదలుపెడతాను. ఎంత మైలేజీ, ఎంత పికప్ అనేవి తర్వాత.

మన ఊళ్లో గుంతతో మొదలుపెట్టడానికి మరో కారణమూ ఉంది. హైటెక్ సిటీ లేచింది బండరాళ్ల మీద. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచిన నాటికి ఆ చుట్టుపక్కల కనిపించినవి గుట్టలూ, గుండ్రాళ్లూ. కొండాపూర్ అన్న పేరు ఊరికే రాలేదు. గ్రానైటు రాయి కరెంటును అంత సులువుగా లోపలికి పోనివ్వదు. పైన మట్టి పలుచన. అందుకే గుంతలో ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా వేస్తారు, తడి నిలవడానికి. డెల్టాలో మా పుట్టింటి దగ్గర రెండడుగులు తవ్వితే చెమ్మ తగులుతుంది. అక్కడ ఎర్తింగ్ గురించి ఎవరూ తలచుకోరు. ఇక్కడ ఎండాకాలం వస్తే గుంత దాహం తీర్చాలి. బోరుకే నీళ్లు రాని రోజుల్లో గుంతకు బకెట్లు ఏంటమ్మా అని మా అత్తగారు అననే అన్నారు.

కారు కొన్నది 2023 ఫిబ్రవరిలో. అదే నెల 11న హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా-ఈ పందెం జరిగింది, దేశంలో మొదటిసారి. ఎలక్ట్రిక్ పందెం కార్లు ఎన్టీఆర్ మార్గ్‌లో దూసుకుపోతుంటే, ట్రాఫిక్ మళ్లింపుల్లో ఊరంతా నత్తనడక నడిచింది. నాకు కావాల్సింది ఆ నత్తనడకకు పనికొచ్చే బండి. అంతకు ముందు ఏడాది సెప్టెంబరులో టాటా టియాగో ఈవీ 8 లక్షల 49 వేల నుంచి వచ్చింది, నేను కారు కొన్న ఏడాది వేసవిలో మూడు మీటర్ల పొడవైనా లేని ఎంజీ కామెట్. అంటే చిన్న కారు అన్న మాట ఎలక్ట్రిక్‌లో అప్పుడే మళ్లీ వినిపించడం మొదలైంది. మళ్లీ అని ఎందుకన్నానంటే, 2001లోనే బెంగళూరు నుంచి రేవా వచ్చింది. లెడ్ యాసిడ్ బ్యాటరీలు, ఛార్జింగుకు 80 కిలోమీటర్లు, అప్పుడప్పుడూ బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ పోసుకోవాలి. లండన్‌లో అది జీ-విజ్ పేరుతో తిరిగింది. ఇప్పటి లిథియం బ్యాటరీలకు నీళ్లు అక్కర్లేదు, వాటి గుంతకే కావాలి.

నా బండి ఏ కంపెనీదో చెప్పను, ప్రచారం అవుతుంది. కొండాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ, తిరిగి ఇంటికి, మధ్యలో కూరగాయలకో మందులకో కాస్త చుట్టు. రోజుకు మూడు నాలుగు యూనిట్లు. మా ఇంటి వాడకానికి కారు తోడై బిల్లు పై స్లాబులోకి ఎక్కింది, యూనిట్ తొమ్మిది రూపాయల పైమాటే. అయినా కిలోమీటరుకు రూపాయిన్నర దాటదు. పెట్రోలు లీటరు 107 దాటిన ఊళ్లో దీనికన్నా వేరే లెక్క అక్కర్లేదు. 2024 నవంబరు 18 నుంచి తెలంగాణలో ఈ కార్లకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేశాక రాయదుర్గం సిగ్నల్ దగ్గర ఆకుపచ్చ నంబరు ప్లేట్లు లెక్కపెట్టడం మానేశాను.

నడపడంలో నేర్చుకోవాల్సింది కొంచెమే. పెట్రోలు కారు జామ్‌లో తాగుతుంది, హైవేలో పొదుపు చేస్తుంది. ఇది తిరగబడిన రకం. బయోడైవర్సిటీ దగ్గర గంట ఇరుక్కుంటే ఏసీకి ఒక యూనిట్ పోతుందేమో, అంతే. అదే ఔటర్ రింగురోడ్డు మీద వందలో పోతే గాలిని చీల్చుకోవడానికే సగం ఖర్చు, శాతం కళ్లముందే కరుగుతుంది. ఫ్లైఓవర్ దిగుతూ యాక్సిలరేటర్ మీద కాలు ఎత్తితే మోటారే జనరేటరై బ్యాటరీలోకి కాస్త వెనక్కి పోస్తుంది, బండి దానంతట అదే నెమ్మదిస్తుంది. దానికి కాలు అలవాటు పడిపోతుంది. నూటికి నూరు శాతం ఛార్జింగ్‌తో బయల్దేరిన పొద్దున మాత్రం జాగ్రత్త. నిండు కుండలో పోయడానికి చోటుండదు, ఆ లాగుడు తగ్గిపోతుంది, బ్రేకు మీద కాలు ముందే ఉండాలి. మొదటిసారి కొత్తగూడ ఫ్లైఓవర్ దిగుతూ నా గుండె జారింది.

ఇంకోటి, చప్పుడు. లేకపోవడమే చిక్కు. సెల్లార్‌లో రివర్స్ చేస్తుంటే వాచ్‌మన్ మనవరాలు వెనకాల ముగ్గు గీసుకుంటోంది, తల ఎత్తలేదు. ఆ రోజు నుంచి బండి కదిపే ముందు చుట్టూ ఒకసారి నడిచి వస్తాను. హారన్ కన్నా అది నయం.

ఇక పెద్ద బ్యాటరీ నిండుగా ఉండి కూడా బండి మొరాయించిన కథ. డిక్కీ తలుపు సరిగా పడలేదు, లోపలి దీపం వెలుగుతూనే ఉంది, మేము నాలుగు రోజులు ఊరెళ్లాం. వచ్చేసరికి తాళం తెరుచుకోదు, తెర వెలగదు. ఎన్ని యూనిట్ల లిథియం ఉన్నా, దాన్ని నిద్రలేపే పని మాత్రం పాత కాలపు 12 వోల్టుల బ్యాటరీదే. అది చచ్చింది. తప్పు నాదే. పక్క ఫ్లాటాయన పెట్రోలు కారు నుంచి రెండు తీగలు తగిలించి లేపాడు. ఆయన మొహంలో ఆనందం ఇప్పటికీ గుర్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. సెల్లార్‌లో ఛార్జింగ్ పాయింట్ పెడతానని నేను అర్జీ ఇచ్చినప్పటి మీటింగ్ ఒక ఎత్తు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచాయి. పొగ మెట్ల మీదుగా పైకెక్కి 8 మంది చనిపోయారు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. భయపడినవాళ్లను తప్పుపట్టలేను. నేను చెప్పాల్సింది చెప్పాను: ఇంటి కనెక్షన్ నుంచే కారుకు ఛార్జింగ్ పెట్టుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలో స్పష్టం చేసింది, ఆ ప్రమాదాల తర్వాత బ్యాటరీ పరీక్షల నిబంధనలు 2022 డిసెంబరు నుంచి బిగించారు. ఎవరికీ ఎక్కలేదు. "మాది ఫస్ట్ ఫ్లోర్ అండీ, మొదట పొగ మాకే," అన్నారు ఒకావిడ. "మా పిల్లలు సెల్లార్‌లో ఆడుకుంటారు," అన్నారు ఇంకొకాయన.

నన్ను గట్టెక్కించింది వైరు లెక్క. గీజర్ పావుగంట వెలుగుతుంది, ఆరిపోతుంది. బ్యాటరీ అడుగంటితే కారు పదిహేను ఆంపియర్లు ఆరు గంటలు ఆపకుండా లాగుతుంది. గోడలో ఉన్న సన్న వైరు గీజర్‌కు సరిపోతుంది, దీనికి వేడెక్కుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు అయితే కరుగుతుంది. మా పక్క బిల్డింగ్‌లో కరిగిన దాన్ని తెచ్చి టేబుల్ మీద పెట్టాను, బెల్లం పాకంలా జారి గడ్డకట్టింది. దాన్ని చూశాక కార్యదర్శి గారే అన్నారు: దొంగచాటుగా కిటికీలోంచి వైరు వేలాడదీసేకన్నా పద్ధతిగా పెట్టించుకోనివ్వడమే మేలు. మూడో అంతస్తులోని నా మీటరు నుంచి సెల్లార్ దాకా నాలుగు ఎంఎం కాపర్ వైరు, పైపులో. విడిగా ఎంసీబీ, కరెంటు లీకైతే తెంచేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ, ఇండస్ట్రియల్ సాకెట్. పాయింట్ నేల మీద నుంచి నాలుగడుగుల ఎత్తున, ఎందుకంటే 2020 అక్టోబరు 13 రాత్రి మా సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లు. బ్యాటరీ పెట్టె మీటరు నీళ్లను అరగంట తట్టుకునేలా చేస్తారు, గోడ మీది సాకెట్టుకు ఆ యోగం లేదు. వాన గట్టిగా పడేలా ఉంటే ఆ రాత్రి తీగ తగిలించను, అంతే.

ఎండాకాలపు పద్ధతి వేరు. ఆఫీసు నుంచి రాగానే ఛార్జింగ్ పెట్టను, కాగిన బ్యాటరీ చల్లారాలి. భోజనాలయ్యాకే. ఎనభై శాతం దగ్గర ఆపాలని అందరూ చెబుతారు. అది అన్ని బ్యాటరీలకూ ఒకేలా వర్తించదు. నా కారులో ఉన్న ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకానికి అప్పుడప్పుడూ నూరు దాకా ఎక్కించాలి, ఎందుకంటే దాని వోల్టేజీ మధ్యలో దాదాపు కదలదు, నిండితే తప్ప ఎంత మిగిలిందో బండికి సరిగ్గా తెలియదు. కానీ నూరు ఎక్కించి ఎండలో వారం వదిలేయకూడదు. తోడుపెట్టిన పెరుగు మేలో ఎంతసేపు బయట ఉంచుతాం?

ఆ మీటింగ్‌కు మళ్లీ వస్తాను. ముప్పై ఆరు ఫ్లాట్లవాళ్లు తమ అంతస్తు సంగతి మాట్లాడారు. సెల్లార్‌లోనే, నా కారుకు పదడుగుల దూరంలో, ఒక్క గదిలో నలుగురు పడుకుంటారు. టీలు అందించడానికి వచ్చిన వాచ్‌మన్‌ను ఎవరూ ఏమీ అడగలేదు. అడగనివాళ్లలో నేనూ ఉన్నాను. నాకది తట్టింది గుంత మూత తెరిచిన రోజున. బల్బు వెలిగాక ఆయన మెల్లగా అడిగాడు: "మేడమ్, మావోని స్కూటర్ బ్యాటరీకి గిట్ల ఎర్త్ చూస్కోవాల్నా?"

కొడుకు ఫుడ్ డెలివరీ చేస్తాడు. సెకండ్‌హ్యాండ్ స్కూటరు, బ్యాటరీ ఊడదీసి ఆ గదిలోకే తెచ్చి రాత్రంతా ఛార్జింగ్ పెడుతున్నారు. వెళ్లి చూశాను. తలుపు పక్కన, గ్యాస్ సిలిండర్‌కు జానెడు దూరంలో, పాత టూ-పిన్ బోర్డుకు. నిజామాబాద్, విజయవాడ అంటూ నేను పైన ఉపన్యాసం ఇస్తున్న రోజు కూడా అది అక్కడే ఉండి ఉంటుంది.

వారంలో ఎలక్ట్రీషియన్ మెట్లకు దూరంగా, ప్రహరీ గోడకు, రేకు కప్పు కింద ఇంకో సాకెట్ పెట్టాడు. దానికీ ఎంసీబీ, దానికీ అదే గుంత ఎర్త్. కరెంటు నా మీటరుదే. మధ్యలో ఒక సబ్‌మీటర్. డబ్బులు తీసుకోనంటే అబ్బాయి ఒప్పుకోలేదు, నెలాఖరుకు రీడింగ్ పాల పుస్తకంలో రాసి పంపిస్తాడు. అప్పుడప్పుడూ నాకన్నా ముందే అతనికి తెలుస్తుంది, నా డబ్బా ఏ రంగులో ఉందో.

కరివేపాకు కుండీ ఇప్పుడు గేటు పక్కకు మారింది. ఈ ఏడు శివరాత్రి మర్నాడే గుంత మూత తీసి రెండు బకెట్లు పోసి, తేదీని గోడ మీద సుద్దముక్కతో రాసిపెట్టాడు.