మొదటి స్టార్టుకి ముందు

బోరింగ్ అయిపోయిందని ఆటోనగర్ నుంచి ఫోన్ రాగానే చాలామంది ఇంజన్ పని పూర్తయినట్టే లెక్కేసుకుంటారు. నా లెక్కలో అప్పటికి సగమే అయినట్టు. లేత్ మీదా, బోరింగ్ మిషన్ మీదా జరిగేది కొలతల పని. మైక్రోమీటరు పట్టిన మేస్త్రీ నికార్సయినవాడైతే ఆ సగం గురించి బెంగ అక్కర్లేదు. మిగతా సగం, అంటే కట్టిన ఇంజన్‌ని మళ్లీ కారులోకి ఎక్కించడం, ఇంటి షెడ్డులో మన చేతుల మీదుగా జరుగుతుంది. ఆ ఇంజన్ ఏళ్ల తరబడి నడుస్తుందా, ఏడాది తిరక్కుండానే పొగ కక్కుతుందా అన్నది చాలావరకు ఇక్కడే తేలుతుంది.

నా బండి పాత మారుతీ జెన్. 1993లో వచ్చి 2006 దాకా తయారైన కారు. ఇక్కడ మనం జెన్ అన్నదే యూరప్‌కి సుజుకీ ఆల్టో పేరుతో వెళ్లింది. 993 సీసీ, నాలుగు సిలిండర్లు, అల్యూమినియం బ్లాకు, లోపల ఇనుప లైనర్లు. కార్బ్యురేటర్ ఇంజన్ కాబట్టి కాగితం మీద 50 హార్స్‌పవర్ మాత్రమే. కానీ కారు తేలిక, ఇంజన్ యాక్సిలరేటర్ తొక్కగానే పలుకుతుంది. నేను చేయించిన మార్పులు కూడా ఆ స్వభావానికి తగ్గట్టే ఉంటాయి: కాస్త పొట్టి స్ప్రింగులు, నాలుగు పైపులు రెండై ఆ రెండూ ఒకటయ్యే హెడర్, హెడ్‌లో పోర్టుల అంచులు సాపు చేయించడం. ఈసారి సిలిండర్లు అరిగిపోవడంతో 0.50 ఓవర్‌సైజు పిస్టన్లు వేయించాల్సి వచ్చింది. 72 మిల్లీమీటర్ల బోరు 72.5 అయింది. లెక్క కడితే 1007 సీసీ. ఆ పద్నాలుగు సీసీల వల్ల కారు పరుగు పెరుగుతుందని ఎవరన్నా చెబితే నమ్మకండి. తేడా తెచ్చేది కొత్త రింగులతో తిరిగొచ్చే కంప్రెషనే.

ఎస్టీమ్ కారు ఇంజన్ తెచ్చి జెన్‌లో కూర్చోబెట్టేవాళ్లు మొదటినుంచీ ఉన్నారు. నాకు అది ఇష్టం లేదు. ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరూ, బ్లాకు మీద కొట్టిన నంబరూ ఒకటిగానే ఉండాలి. తయారీదారు ఇచ్చిన నమూనాని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగానే చెప్పింది. పదిహేనేళ్లు దాటిన కారుకి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించుకోవాలి కూడా. అరిగిన ఇంజన్‌నే బాగుచేసుకుని వాడటంలో ఉన్న తృప్తి నాకు చాలు.

ఇక ఎక్కించడం. ఈ పనంతటినీ నేను చివరి నుంచి మొదటికి ఆలోచిస్తాను. కొత్తగా కట్టిన ఇంజన్ మొదటిసారి స్టార్టయ్యాక మధ్యలో ఆపాల్సిన అవసరం రాకూడదు. బేరింగ్ షెల్స్ మీద అప్పటికి ఉన్నది కట్టేటప్పుడు రాసిన ఆయిల్ పొర ఒక్కటే. హోనింగ్‌తో సిలిండర్ గోడల మీద పడిన అడ్డగీతలు, రుబ్బురోలుకి గంట్లు కొట్టించినట్టు, పదునుగా ఉంటాయి. రింగులు వాటి మీద ఒరుసుకుని కుదురుకోవడం ఆ మొదటి నిమిషాల్లోనే మొదలవుతుంది. అప్పుడు ఎక్కడో హోస్ ఊడి నీళ్లు కారితేనో, పెట్రోలు పైపు చెమ్మగిల్లితేనో, టైమింగ్ కుదరక సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడుతూ కూర్చుంటేనో కొత్త బేరింగులకి అదే మొదటి దెబ్బ. అందుకే బిగించే ప్రతి బోల్టునీ ఆ మొదటి స్టార్టుని తలుచుకుంటూ బిగిస్తాను.

ముందు క్లచ్. ఫ్లైవీల్ మొహాన్ని థిన్నర్‌తో తుడిచి, ప్లేటు పెట్టి, ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. బిగించేముందు ప్లేటు సరిగ్గా నడిమధ్యకి రావాలి. దానికి ఆటోనగర్‌లో వాడే సాధనం పాత గేర్‌బాక్స్ షాఫ్టు ముక్క. అది కుదిరాక గేర్‌బాక్స్‌ని నేల మీదే ఇంజన్‌కి కలుపుతాను. షాఫ్టు పళ్లు ప్లేటు పళ్లలోకి దూరి, పిన్నులు కూర్చుని, గేర్‌బాక్స్ చేత్తో తోస్తేనే వచ్చి బ్లాకుకి ఆనాలి. కాస్త సందు మిగిలితే బోల్టులతో లాగేద్దామని చెయ్యి ఊరిస్తుంది. లాగకూడదు. బోల్టు బలానికి అల్యూమినియం హౌసింగ్ చెవి చిట్లుతుంది, లేదా క్లచ్ ప్లేటు నడుమ వంగుతుంది. వంగిన ప్లేటుతో గేరు పడేటప్పుడు కీచుమంటుంటే, తప్పు కేబుల్‌దనుకుని కేబుల్ మార్చినవాళ్లున్నారు. సందు మిగిలితే వెనక్కి లాగి, క్రాంక్‌ని కాస్త తిప్పి, మళ్లీ తోయాలి. దూరినప్పుడు చేతికి తెలుస్తుంది, చప్పుడు కూడా మారుతుంది.

తర్వాత చైన్ కప్పీ. షెడ్డు దూలానికి వేలాడదీయను, పైకప్పు బరువుకి వేసిన దూలం అది. మూడు కాళ్ల ఇనుప స్టాండు అద్దెకి తెస్తాను. గొలుసు లాగేది మేనల్లుడు, దారి చూపేది నేను. గేర్‌బాక్స్ వైపు కిందికి వంచి దించాలి.

"మావయ్యా, ఇంకొంచెం దించనా?"

"ఆగరా, హెడర్ పైపు వైరింగ్‌కి తగులుతోంది."

ఈ ఒక్క మాటకే ఇద్దరు కావాలి. వేలాడుతున్న ఇంజన్ కింద చెయ్యి పెట్టకూడదు, పక్కనుంచి తోయాలి. గొలుసు పట్టినవాడు పక్కకి చూడకూడదు. మావాడికి అది నేర్పడం కోసం కూడా ఈ పని ఇంట్లో చేస్తాను.

ఇంజన్‌ని మోసే ఫౌండేషన్ల బోల్టులు అన్నీ ముందు వదులుగానే ఎక్కించాలి. ఇంజన్‌ని అటూ ఇటూ ఊపి, తన బరువుతో తానే కుదురుకున్నాక బిగించాలి. ఒక్కోటీ పూర్తిగా బిగించుకుంటూ పోతే చివరి ఫౌండేషన్ రబ్బరు మెలిపడుతుంది, ఆ వణుకు స్టీరింగులోకి వస్తుంది. రేసు బళ్లు చూసి గట్టి పాలీయురెథేన్ ఫౌండేషన్లు వేయించుకుంటున్నారు కుర్రాళ్లు. రోజూ ఇంటిల్లిపాదీ ఎక్కే కారుకి రబ్బరే మేలు. కాకపోతే రబ్బరు మీద ఇంజన్ ఊగుతుంది కాబట్టి, హెడర్‌కీ బాడీకీ మధ్య ఆగి ఉన్నప్పుడు కనిపించే సందుని నమ్మకూడదు. టామీతో ఇంజన్‌ని ఎత్తి చూసినప్పుడు కూడా సందు మిగలాలి. స్ప్రింగులు పొట్టివైతే ఆ పైపులు స్పీడ్‌బ్రేకర్‌కి కూడా దగ్గరవుతాయి, అదీ చూసుకోవాలి.

ఎర్త్ వైరుని చాలామంది చివర్లో మరిచిపోతారు. ఇంజన్ రబ్బరు మీద కూర్చుంటుంది, రబ్బరులోంచి కరెంటు పోదు. ఎర్త్ లేకుండా సెల్ఫ్ కొడితే అంత కరెంటూ యాక్సిలరేటర్ కేబుల్ గుండా, క్లచ్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. కేబుల్ కాలుతుంది, లోపలి ప్లాస్టిక్ కరుగుతుంది. బాడీ మీద ఆ వైరు కూర్చునే చోట రంగు గీకి, మెరిసే ఇనుము కనిపించాకే బిగించండి. అలాగే దుమ్ము పడకుండా పోర్టుల్లో కుక్కిన గుడ్డలన్నీ బయటికి వచ్చాయో లేదో మానిఫోల్డ్ పెట్టేముందు చూసుకోండి. మేం ఎర్రగుడ్డలే వాడతాం, ఎక్కడున్నా కంటికి కొడతాయని.

ఇప్పుడు ఆయిల్. కొన్ని ఇంజన్లకి పంపుని డ్రిల్లుతో విడిగా తిప్పే వీలుంటుంది. జెన్‌కి పంపు క్రాంక్ కొసనే ఉంటుంది, క్రాంక్ తిరిగితేనే తిరుగుతుంది. అందుకని ఫిల్టర్‌లో ఆయిల్ నింపి బిగించి, ప్లగ్గులు నాలుగూ తీసేసి, కాయిల్ వైరు ఊడదీసి, సెల్ఫ్ కొట్టాలి. ప్లగ్గులు లేవు కాబట్టి కంప్రెషన్ ఉండదు, బేరింగుల మీద భారం పడదు. సెల్ఫ్ వేడెక్కకుండా మధ్యమధ్య ఆపుతూ, డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ లైటు ఆరేదాకా కొట్టాలి. ఆరాక టాపెట్ కవర్ మూత తీసి టార్చి వేసి చూస్తాను. రాకర్ల మీద కొత్త ఆయిల్ తడి కనిపించాలి. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా ఆనందంగా ఉండే ఘట్టం ఇదే. స్టార్టయినప్పుడు వచ్చే చప్పుడు వీధంతా వింటుంది. ఈ తడి మాత్రం వంగి చూసినవాడికే కనిపిస్తుంది.

ప్లగ్గులు పెట్టి, ఒకటి-మూడు-నాలుగు-రెండు వరసలో వైర్లు తగిలించి, రేడియేటర్ మూత తీసే స్టార్ట్ చేస్తాను. మా పటమట బోరు నీళ్లు పోయను. అందులోని ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది, సున్నం లోపల పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంటు కలిపి పోస్తాను. లోపల చిక్కిన గాలి బుడగలుగా బయటికి వస్తున్నకొద్దీ నీళ్లు దిగుతాయి, నింపుతూ ఉండాలి. థర్మోస్టాట్ తెరుచుకుని పై హోస్ వేడెక్కాలి, ఆ తర్వాత ఫ్యాను తనంతట తాను తిరగాలి. అప్పుడు మూత పెట్టి, కింద కాగితం పరిచి ఏమన్నా కారుతోందేమో చూసి, రోడ్డెక్కుతాను.

కొత్త ఇంజన్ని నలభైలో, అయిదువందల కిలోమీటర్లు మెల్లగా నడపాలన్నది పాత మాట. దానితో నేను ఏకీభవించను. రింగుని గోడకి అదిమేది దాని వెనక చేరే మంట పీడనం. భారం లేకుండా గంటలు గంటలు ఐడిల్‌లో ఉంచితే రింగులు కుదరకముందే గోడలు అద్దంలా నున్నబడి ఆయిల్ తాగడం మొదలవుతుంది. అందుకే హైవే మీద ఒకే వేగంతో పోను. ఆగిరిపల్లి మీదుగా నూజివీడు వెళ్లే రోడ్డు పడతాను. మూడో గేరులో సగం యాక్సిలరేటర్ నొక్కి పైకి లాగడం, వదిలి ఇంజన్ బ్రేకింగ్ మీద దిగడం, మళ్లీ లాగడం. ఎర్రగీత దాకా మాత్రం తీసుకెళ్లను. ఆయిల్ సాదా మినరల్‌దే. మొదటి మార్పు తొందరగా చేసేస్తాను, ఫిల్టర్‌ని కోసి కాగితం మడతలు విప్పి చూస్తాను. సన్నటి బూడిదరంగు పొడి ఉంటే ఫరవాలేదు, రింగులు కుదురుకున్న గుర్తు అది. గోటికి తగిలేంత పలుకులు కనిపిస్తే ఇంజన్ కింది ఆయిల్ చాంబర్ విప్పాల్సిందే.

కార్బ్యురేటర్ జెట్ల జోలికి ఇప్పుడే పోను. హెడర్‌కి తగ్గట్టు పెట్రోలు పెంచాలో వద్దో రింగులు పూర్తిగా కుదురుకున్నాక, ప్లగ్గుల రంగు చూసి తేలుస్తాను.